ఒకే తోట, రెండు ముహూర్తాలు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, మీ అందరికీ నమస్కారం. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. పరిచయానికే ఎనిమిది పోయాయి కాబట్టి సూటిగా విషయానికి వస్తాను.

సూటిగా అన్నానే గానీ, ముందు ఒక పాత కోపం తీర్చుకోవాలి. డిగ్రీ పరీక్షలో ‘కొత్త జాతులు ఎలా ఏర్పడతాయి?’ అని అడిగారు. కొండో సముద్రమో అడ్డొస్తే ఒక జాతి రెండవుతుందని రాసి ఊరుకుంటే మార్కులు పడేవి. ‘ఏ అడ్డూ లేకుండా ఒకే తోటలోనూ విడిపోవచ్చు’ అని ఇంకో పేరా రాశాను. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత! ఈ ప్రసంగం ఆ గీతకు జవాబనుకోండి.

అడ్డుగోడ కథ అబద్ధమని కాదు. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట పనామా దగ్గర నేల పైకి లేచి సముద్రాన్ని రెండు చేసింది. డెక్కతో టప్పున చిటికె వేసే రొయ్యలు అటు కొన్ని, ఇటు కొన్ని మిగిలిపోయాయి. జీవశాస్త్రవేత్త నాన్సీ నోల్టన్ బృందం అటుదాన్నీ ఇటుదాన్నీ జతగా ఒకచోట వేసి చూసింది. చూడ్డానికి కవలల్లా ఉన్నవి కాస్తా కయ్యానికి దిగాయి. ఫలించిన జతలు అతి తక్కువ.

సరే, నా ఈగ సంగతికి వద్దాం. ఉత్తర అమెరికాలో హాథార్న్ అనే ముళ్లచెట్టు కాయల్లో గుడ్లు పెట్టే ఈగ అది. వలస వచ్చినవాళ్లు యాపిల్ తెచ్చి నాటాక, 19వ శతాబ్దం మధ్యలో కొన్ని ఈగలు అటు మళ్లాయి. ఇవి కలిసేది కాయ మీదే, గుడ్డు పెట్టేది కాయలోనే. పురుగు గుజ్జు తిని, కాయ రాలాక మట్టిలో దూరి, మరుసటి వేసవికి రెక్కలతో పైకొస్తుంది. బతికేది కొన్ని వారాలే. వెనక వరసవాళ్లు కాస్త ఇటు చూడండి, అసలు కీలకం ఇక్కడుంది. యాపిల్ హాథార్న్ కన్నా మూడు నాలుగు వారాలు ముందే పండుతుంది, దాని ఈగలూ ముందే పైకొస్తాయి. చెట్ల మధ్య పది అడుగులు కూడా లేకపోవచ్చు, కానీ యాపిల్ ఈగల పెళ్లి ముహూర్తానికి హాథార్న్ ఈగలు చాలావరకు మట్టిలో నిద్రపోతుంటాయి!

కీటక శాస్త్రవేత్త బెంజమిన్ వాల్ష్ దీన్ని 1860ల్లోనే పసిగట్టాడు. నా పేపరు దిద్దినాయన పుట్టకముందు!

అలాగని పూర్తిగా వేరే జాతులైపోయాయని నేననను. ప్రతి తరంలో 4 నుంచి 6 శాతం ఈగలు గోడ దూకుతూనే ఉన్నాయి. వేరు కాపురం ఇంకా పూర్తవలేదన్నమాట.

చీటీ వచ్చింది, టైం అయిందట. ఒక్క నిమిషం. కాయలోని ఆ ఈగ పురుగు ఒంట్లో గుడ్డు పెట్టే చిన్న కందిరీగ ఒకటుంది. ఈగలు విడిపోతుంటే, వాటి వెనకే కందిరీగలూ రెండు గుంపులవుతున్నాయి. దాని సంగతి వరండాలో చెబుతాను, రండి.