ఆ ఒక్క రోజున ఏం జరిగింది?

నల్లగొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం

అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

హింసాత్మక తీవ్రవాదాన్ని నివారించే మార్గాలపై జరిగిన పరిశోధనల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. తీవ్రవాదం అన్న మాటను నల్లగొండలో కాస్త చూసుకుని పలకాలి. ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లలో తాతో ముత్తాతో తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సంగంలో, అంటే ఆంధ్ర మహాసభలో, పనిచేసినవారే. వారిని మనం పోరాట యోధులన్నాం, నాటి ప్రభుత్వం వేరే పేరు పెట్టింది. అందుకే నిర్వచనాల జోలికి ఎక్కువగా పోకుండా, మనిషి ఆయుధం పట్టేదాకా ఎలా వస్తాడు, పట్టినవాడు దాన్ని ఎలా దించుతాడు అన్న రెండు ప్రశ్నలకే పరిమితమవుతాను.

మొదటి ప్రశ్నకు అందరి నోటా వెంటనే వచ్చే జవాబు పేదరికం. అదొక్కటే కారణమైతే, మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీలంతా అడవి బాట పట్టి ఉండాలి. వారు పట్టింది బొంబాయి, పుణె బాట. అలన్ క్రూగర్, జిట్కా మాలెచ్కోవా అనే ఆర్థికవేత్తలు 2003లో లెబనాన్ తదితర ప్రాంతాల సమాచారాన్ని పరిశీలించి, సాయుధ సంస్థల్లో చేరినవారు తోటి జనం కంటే పేదలనీ, చదువు లేనివారనీ చెప్పడానికి ఆధారం దొరకలేదన్నారు. పేదరికాన్ని పట్టించుకోనక్కరలేదని దీనికి అర్థం కాదు. కడుపు ఆకలికీ, చేయి తుపాకీకీ మధ్య మరేదో జరుగుతుందని మాత్రమే అర్థం.

ఆ మరేదో ఏమిటన్నది ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2017లో వెలువరించిన ఆఫ్రికా అధ్యయనంలో కొంత కనిపిస్తుంది. సాయుధ సంస్థల్లో తమంతట తాముగా చేరినవారిని కూర్చోబెట్టి, మీరు చేరాలని నిశ్చయించుకోవడానికి కారణమైన సంఘటన ఏదని అడిగితే, 71 శాతం మంది ప్రభుత్వ చర్యనే చూపారు. అంటే తమ కుటుంబ సభ్యుడినో స్నేహితుడినో చంపడం, లేదా పట్టుకుపోవడం. ఎన్నో ఏళ్ల అసంతృప్తి మనసులో ఉన్నా, మనిషిని గడప దాటించేది చాలాసార్లు ఒక్క రోజు.

ఈ లెక్క చదివినప్పుడు నాకు అచ్చంపేట వైపు ఒక పల్లెలో వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేసే ఒకాయన గుర్తొచ్చాడు. ఒకప్పుడు దళంలో ఉండి, లొంగిపోయి, ఇప్పుడు రాగితీగ చుట్టుకుంటూ బతుకుతున్నాడు. ఎన్నేళ్లయినా దుకాణంలో వీపు గోడకు ఆనించి, ముఖం దారి వైపు పెట్టే కూర్చుంటాడు. అన్నలకు అన్నం పెట్టాడన్న అనుమానంతో అతని తండ్రిని తీసుకుపోయి మూడో రోజు వదిలారట. "పుస్తకాలు తర్వాత ఇచ్చిన్రు సార్. నేను పోయింది మాత్రం మా నాయిన ఇంటికొచ్చి, ఎవ్వలతోని మాట్లాడకుండ గోడ దిక్కు తిరిగి పండుకున్న నాడే" అన్నాడు, తీగ మీంచి చూపు తిప్పకుండా. అదే ఊళ్లో, ఇన్ఫార్మర్ అన్న ముద్ర వేసి దళం చంపిన మనిషి కొడుకు హోంగార్డుగా చేరాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. పరిశోధన మొదటివాడిని అడిగినంతగా రెండోవాడిని అడగలేదని నా ఫిర్యాదు.

చేరడం కూడా చాలావరకు తెలిసినవారి వెంటే జరుగుతుంది. మార్క్ సేజ్‌మన్ 2004లో 172 మంది జిహాదీల జీవితాలను పరిశీలించి, స్నేహం, బంధుత్వం ముందు వస్తాయని, సిద్ధాంతం వెనక వస్తుందని చూపాడు.

ఇక రెండో ప్రశ్న. 1968 నుంచి 2006 వరకు పనిచేసిన 648 ఉగ్రవాద సంస్థలను అమెరికాలోని ర్యాండ్ సంస్థ పరిశీలించింది. చీలికలను పక్కనపెట్టి, అంతరించిన వాటిని లెక్కిస్తే, 43 శాతం రాజకీయ ప్రక్రియలోకి వచ్చి ముగిశాయి, 40 శాతం పోలీసు, నిఘా పనితో ముగిశాయి. సైనిక బలంతో ముగిసినవి 7 శాతమే. ఈ అంకెల్లో మొదటిదానికి మనకు అమెరికా దాకా పోవలసిన పని లేదు. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించిన తర్వాత కొద్ది నెలలకే జరిగిన ఎన్నికల్లో, కమ్యూనిస్టు పార్టీ మీద ఇక్కడ నిషేధం ఉన్నందున పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడిన రావి నారాయణరెడ్డికి, నల్లగొండ ప్రజలు నెహ్రూకు వచ్చిన వాటి కంటే ఎక్కువ ఓట్లు వేశారు. నల్లగొండ అప్పట్లో ద్విసభ్య స్థానమన్న సంగతి, అంటే ఒక్కో ఓటరుకు రెండు ఓట్లుండేవన్న సంగతి కూడా ఆ పోలిక చెప్పేటప్పుడు గుర్తుంచుకోవాలి. అయినా అసలు విషయం మారదు: తుపాకీ దించినవారికి నిలబడేందుకు ఒక వేదిక దొరికింది.

దక్షిణ తెలంగాణకు మరో అనుభవం కూడా ఉంది. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి ఇరుపక్షాలతో మాట్లాడిన మీదట, 2004 అక్టోబరులో ప్రభుత్వానికి, నక్సలైట్లకు హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. ఆయుధాలతో ఊళ్లలో తిరగడం, భూమి పంపకం అన్న రెండు విషయాల దగ్గర మాట తెగలేదు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డితో పాటు పలువురిని నక్సలైట్లు కాల్చి చంపారు. రెండు రోజులకు మావోయిస్టు పార్టీ మీద నిషేధం తిరిగి వచ్చింది. చర్చలు విఫలమయ్యాయని అందరూ అంటారు. ఆ చర్చలు సాగినన్నాళ్లు ఎన్ని పల్లెలు రాత్రిపూట కంటినిండా నిద్రపోయాయో కూడా ఎవరైనా లెక్కపెట్టి ఉంటే బాగుండేది.

ఒక్కొక్కరుగా బయటికి వచ్చేవారి గురించి నార్వేలో 1997లో మొదలైన ఎగ్జిట్ కార్యక్రమం చాలా నేర్పింది. తరువాత స్వీడన్, జర్మనీ దాన్ని అందుకున్నాయి. అక్కడ తేలింది ఏమంటే, నయా నాజీ ముఠాలను వదిలినవారిలో చాలామంది వాదనలో ఓడిపోయి రాలేదు. విసిగిపోయి, పెళ్లి, పిల్లలు, మామూలు బతుకు కావాలని వచ్చారు. వచ్చాక పాత కేసులు, పాత స్నేహాలు, దొరకని పని వారిని వెనక్కి లాగుతాయి. మన వైండింగ్ మేస్త్రీకి పునరావాసం డబ్బు కంటే ఎక్కువగా అక్కరకు వచ్చింది, అతన్ని నమ్మి దుకాణం గది అద్దెకిచ్చిన ఒక ముసలామె.

చివరగా, ఇక్కడున్న అధ్యాపకుల కోసం ఒక మాట. తీవ్రవాదం వైపు పోయే ప్రమాదం ఉందనిపించిన విద్యార్థులను గమనించి తెలపడం బ్రిటన్‌లో 2015 చట్టం ద్వారా విద్యాసంస్థల బాధ్యత అయింది. దాని మీద వచ్చిన ప్రధాన విమర్శ, పిల్లలు తరగతిలో నోరు విప్పడం మానేస్తారన్నదే. నాకు ఆ విమర్శ సబబనిపిస్తుంది. అందుకే ఈ గంటకు హాజరు తీసుకోవద్దని నిర్వాహకులను ముందే కోరాను. ఎవరి పేరూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు మీరు అడగండి.