డవరా గ్లాసుతో జపాన్ సెంచా: ఏం కొనాలి, ఎలా పెట్టాలి

నమస్కారం అండి, తిరుపతి నుంచి. ఈరోజు టేబుల్ మీద ఏమున్నాయో చూడండి. ఇది సెంచా, జపాన్ గ్రీన్ టీ. ఇది గెన్‌మైచా. ఇది చైనా మల్లెపూల టీ. ఈ సీసా సోయా సాస్. "గ్రీన్ టీ చేదండి, బరువు తగ్గాలని ముక్కు మూసుకుని తాగుతున్నాం" అని ఎవరైనా అంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఇది మందు కాదండి, రుచి కోసం తాగే టీ. ఒక్క నీళ్ల వేడి సరిచేస్తే చాలు, చేదు పోతుంది. ఆ వేడి దగ్గర కాసేపు ఆగుదాం. మిగతాది గబగబా.

ముందు కొనడం. సోయా సాస్, నూడుల్స్, టీ బ్యాగులు మన ఊళ్లో పెద్ద సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతాయి. విడి ఆకు సెంచా మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేకపోతే చెన్నై వెళ్లేవాళ్లకు చెప్పాలి. అక్కడ కొరియా, జపాన్ వాళ్ల సరుకులు అమ్మే షాపులున్నాయి. శ్రీసిటీలో ఇసుజు లాంటి జపాన్ కంపెనీలు ఉన్నాయి కదా, మీ వాళ్లెవరైనా అక్కడ పనిచేస్తుంటే ఏ టీ బాగుంటుందో అడిగించండి. తాగేవాళ్ల మాట కంటే మంచి సలహా ఉండదు.

ఇప్పుడు ప్యాకెట్ తిప్పండి. ఇదిగో, వెనకాల స్టిక్కర్. దిగుమతి చేసినవాళ్ల పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్ 14 అంకెలు, శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమరంగు త్రిభుజం. స్టిక్కర్ లేకపోతే కొనొద్దు. పెరటాసి (తమిళ నెల) శనివారాలు నీసు ముట్టని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి కాబట్టి ఇది ఇంకోసారి చెప్తున్నాను. మీసో సోయాబీన్ ముద్దే, కానీ "దాషి", అంటే జపాన్ వాళ్ల రుచి రసం, కలిపిన మీసోలో సాధారణంగా చేప ఉంటుంది. "బోనిటో" అన్నా, "కత్సువో" అన్నా చేపే. కొరియా వాళ్ల పులిసిన క్యాబేజీ పచ్చడి కిమ్చీలో కూడా చేప సాసో, రొయ్యలో పడతాయి. కవర్ మీద కూరగాయల బొమ్మ చూసి కాదు, చుక్క చూసి కొనండి.

సోయా సాస్‌కి ఒకటే మాట. పదార్థాల వరుసలో నీళ్లు, సోయాబీన్, గోధుమ, ఉప్పు, ఈ నాలుగే ఉంటే అది నెలల తరబడి పులియబెట్టినది. క్యారమెల్ రంగు, హైడ్రోలైజ్డ్ ప్రోటీన్ అని కనిపిస్తే అది వేరే దారిలో త్వరగా తయారైనది. ఫ్రైడ్ రైస్‌కి అదైనా సరిపోతుంది, నంజుకోవడానికి మాత్రం మొదటిదే. కొన్నిటిలో ఆల్కహాల్ అని రాసి ఉంటుంది, నిల్వ కోసం కలుపుతారు. మీకు పట్టింపు ఉంటే అది లేని సీసా చూసుకోండి.

టీ ప్యాకెట్ చిన్నదే కొనండి, 50 గ్రాములది. మన ఎండలకు పెద్ద ప్యాకెట్ చివరికొచ్చేసరికి వాసన పోతుంది. పొయ్యి పైన అరలో పెట్టొద్దు, పోపుల పెట్టె పక్కన అసలే వద్దు. టీ ఆకు ఇంగువ వాసన లాగేస్తుంది. గాలి చొరబడని స్టీలు డబ్బా చాలు.

సరే, కెటిల్ ఆన్ చేశాను. క్యాన్ నీళ్లు పోశాను. బోరు నీళ్లు వద్దండి, ఉప్పదనం ఎక్కువుంటే సెంచా చప్పగా, రంగు మాసినట్టు వస్తుంది.

ఇదిగో మరిగింది. ఇక్కడ ఆగండి. ఇక్కడే ఆగండి. మామూలు టీ అలవాటుతో మరిగే నీళ్లలో ఆకు వేసేస్తాం, లేదా ఆకునే నీళ్లలో మరిగిస్తాం. సెంచాకి అదే పడదు. ఆకులో చేదు, వగరు ఇచ్చేవి కాటెకిన్లు, కెఫీన్. నీళ్లు ఎంత వేడిగా ఉంటే అవి అంత ఎక్కువగా దిగుతాయి. తియ్యటి కమ్మదనం ఇచ్చేది థియనైన్. అది తక్కువ వేడిలో కూడా బాగానే దిగుతుంది. అందుకే 70 నుంచి 80 డిగ్రీలు. మరిగే నీళ్లు కాదు, 70 నుంచి 80.

థర్మామీటర్ లేదా? అక్కర్లేదు. జపాన్‌లో నీళ్లు చల్లార్చడానికే ఒక చిన్న పాత్ర ఉంటుంది, యుజమాషి అంటారు. మనకు డవరా గ్లాసు ఉంది కదా! చూడండి, కెటిల్ నుంచి డవరాలోకి. డవరా నుంచి గ్లాసులోకి. గ్లాసు నుంచి మళ్లీ డవరాలోకి. మార్చిన ప్రతిసారీ సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. మూడుసార్లు మారిస్తే సరిగ్గా మనకు కావలసిన చోటికి వస్తుంది. కాఫీలాగా ఎత్తి పోయకండి, నురగతో పనిలేదు, మెల్లగా వంపండి. తొందరలో ఉంటే నేను ఇంకోటి చేస్తాను: రెండు వంతులు మరిగిన నీళ్లు, ఒక వంతు మామూలు క్యాన్ నీళ్లు. అంతే, 75 దాటి కాస్త ఉంటుంది.

ఆకు 3 గ్రాములు, నీళ్లు 150 మిల్లీలీటర్లు. పోశాను. ఒక్క నిమిషం. కలపొద్దు, పిండొద్దు. వడకట్టేటప్పుడు చివరి చుక్క దాకా వంచేయండి. నీళ్లు మిగిలితే ఆకు అందులోనే నాని, రెండో విడత చేదెక్కుతుంది. రంగు చూశారా? చక్కెర వద్దు, ముందు ఇలాగే ఒక గుటక తాగి చూడండి.

గెన్‌మైచా ఇంకా సులువు. వేయించిన బియ్యం కలిపిన గ్రీన్ టీ, అక్కడక్కడా పేలిన గింజలు బొరుగుల్లా కనిపిస్తున్నాయి చూడండి. దీనికి కాస్త వేడి నీళ్లైనా ఫరవాలేదు. మొదటిసారి తాగేవాళ్లకు నేను ఇదే ఇస్తాను. సాయంత్రం మసాలా బొరుగులతో చాలా బాగుంటుంది.

మల్లెపూల టీ గురించి చెప్పకుండా ఉండలేను. చైనాలో ఫుజౌ దీనికి పేరున్న ఊరు. 2014లో ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ, ఎఫ్ఏఓ, ఆ సాగును ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. పగలు మొగ్గలు కోసి, రాత్రి విచ్చుకునే వేళకు టీ ఆకుతో కలిపి పెడతారు. తెల్లారాక పూలు ఏరి తీసేస్తారు. మేలు రకానికి ఇలా ఎన్నో రాత్రులు. ఆ పువ్వు కూడా మన మల్లె జాతిదే. వాసన ఎక్కించాక పూలు తీసేస్తారు కాబట్టి, ప్యాకెట్‌లో ఎండిన రేకులు ఎక్కువున్నాయని మంచిదనుకోకండి, ఆకును వాసన చూడండి. దీనికి 80 డిగ్రీలు, రెండు నిమిషాలు.

మళ్లీ సెంచా దగ్గరికి. అదే ఆకు, రెండో విడత. ఈసారి నీళ్లు ఇంకొంచెం వేడిగా, పావు నిమిషం చాలు. మూడోసారి కూడా వస్తుంది. తర్వాత ఆకు పారేయకండి. జపాన్‌లో దీన్ని తింటారు కూడా. మెత్తగా ఉంటుంది, ఇదిగో, రెండు చుక్కలు ఈ సోయా సాస్, కొన్ని వేయించిన నువ్వులు. నేను చారన్నంలో నంజుకుంటాను. మల్లె టీ ఆకు మాత్రం గట్టిగా ఉంటుంది, దాన్ని కుండీలో మట్టికే వేసేయండి.