మెగలోడాన్‌ని అగాధంలో దాచిందెవరు?

[తెర మీద: చీకటి నీళ్ళు. వెలుగు మెల్లగా పైకి జరుగుతుంది.]

టి-రెక్స్ వేట మీద ఉంది. ఆ ఊపులో సముద్రం నీళ్ళలోకి దిగింది. దానికంటే పెద్దదేదో కింద నుంచి వచ్చి ఒక్క పట్టు పట్టింది. ఖేల్ ఖతం.

1997లో వచ్చిన 'మెగ్' అనే నవల ఇలా మొదలవుతుంది. రాసినాయన స్టీవ్ ఆల్టెన్, అమెరికన్ థ్రిల్లర్ రచయిత. ఈ నవలల మీద తీసిన సినిమాల్లో రెండోది, 2023లో వచ్చినదాని ఓపెనింగ్ కూడా దాదాపు ఇదే. సీన్ అదిరిపోతుంది, కానీ జరిగే అవకాశమే లేదు. టి-రెక్స్‌లు పోయి 6.6 కోట్ల ఏళ్ళయింది. మెగలోడాన్ అనే రాకాసి సొర భూమ్మీదకి వచ్చింది సుమారు 2.3 కోట్ల ఏళ్ళ కిందట. ఒకదాని మొహం ఒకటి చూసిందే లేదు.

పోన్లెండి, థ్రిల్లర్‌లో ఆ మాత్రం చనువు రచయితకి ఇవ్వాలి.

[తెర మీద: పాత వారపత్రికల కట్ట, పేజీ చివర "సశేషం".]

ఈ నవలకున్న అభిమానుల ఓపిక గురించి ఒక్క మాట. పుస్తకం అచ్చవకముందే డిస్నీ వాళ్ళు సినిమా హక్కులు కొన్నారు. రేపో మాపో సినిమా అనుకున్నారంతా. వచ్చింది 2018లో, అదీ వేరే స్టూడియో నుంచి. ఇరవై ఏళ్ళ పైమాట! ఈలోపు రచయిత ఊరికే కూర్చోలేదు. సీక్వెల్ మీద సీక్వెల్ రాశారు, అభిమానులకు కబుర్లు పంపుతూ వచ్చారు, కొందరు పాఠకుల పేర్లు పాత్రలకే పెట్టేశారు. "సశేషం" చూసి వచ్చే గురువారం దాకా టెన్షన్ పడిన మనవాళ్ళకి ఆ ఎదురుచూపు కొత్తేం కాదు. కాకపోతే మనది వారం, వాళ్ళది రెండు దశాబ్దాలు.

సరే, అసలు సంగతికి వద్దాం. ఆ నవల లక్షల మందిని నమ్మించిన మాట ఒకటుంది: మెగలోడాన్ చచ్చిపోలేదు, పసిఫిక్ సముద్రంలో అన్నిటికంటే లోతైన మరియానా అగాధం అడుగున దాక్కుంది అని. ఇప్పటికీ కామెంట్లలో "సముద్రాన్ని మనం ఎంత చూశాం గనక" అంటుంటారు. నా లెక్కలో ఈ జంతువుకి దాక్కోడానికి అంతకంటే పనికిరాని చోటు లేదు.

[తెర మీద: లోతు స్కేలు. 3,000 మీటర్ల దగ్గర ఎర్ర గీత.]

కాకినాడ కుంభాభిషేకం రేవులో సొర దిగిన రోజు ఒకసారి దగ్గరికెళ్ళి చూడండి. తల నుంచి తోక వైపు చెయ్యి రాస్తే నున్నగా ఉంటుంది. వెనక్కి రాస్తే గరుకు కాగితంలా పట్టేస్తుంది. చర్మం నిండా పళ్ళలాంటి బుల్లి పలుకులు. వాసన కూడా గమనించండి. కాస్త పాతబడితే ముక్కు పగిలే అమోనియా ఘాటు. కారణం యూరియా. ఒంట్లో నీళ్ళని ఉప్పునీరు లాగేసుకోకుండా సొర కండ నిండా యూరియా నింపుకుంటుంది. చచ్చాక అదే అమోనియాగా మారుతుంది.

దీనికీ అగాధానికీ ఏంటి సంబంధం? లోతుకి దిగేకొద్దీ ఒత్తిడి ఒంట్లోని ప్రొటీన్లని చెడగొడుతుంది. దాన్ని తట్టుకోడానికి చేపల దగ్గర టీఎంఏఓ అనే ఇంకో పదార్థం ఉంది. మామూలు చేపల నీచు వాసన దాని చలవే. సొర దిగాలంటే కొంత యూరియా తగ్గించుకుని ఆ జాగాలో దీన్ని నింపుకోవాలి. సుమారు 3,000 మీటర్లకి వచ్చేసరికి మార్చుకోడానికి ఇక జాగా మిగలదని శాస్త్రవేత్తల అంచనా. ఆ కిందకి సొరలు కనిపించడం మహా అరుదు. మామూలు చేపల్లో కూడా కెమెరాకి చిక్కిన అతి లోతు చేప జపాన్ దగ్గర 8,336 మీటర్లలో ఉంది. మరియానా అడుగు? దాదాపు 10,900 మీటర్లు. అక్కడ ఒత్తిడి పైన గాలి ఒత్తిడికి వెయ్యి రెట్ల పైచిలుకు.

పోనీ ఎలాగోలా దిగిందే అనుకుందాం. తినడానికేముంది? మెగలోడాన్ తిమింగలాలని కొరికిన గుర్తులు వాటి ఎముకల మీద ఇప్పటికీ ఉన్నాయి. దాని ఒళ్ళు చుట్టూ ఉన్న నీళ్ళకన్నా వెచ్చగా, 27 డిగ్రీల దగ్గర ఉండేదని 2023లో పళ్ళ రసాయనాన్ని పరీక్షించి చెప్పారు. వెచ్చటి ఒళ్ళంటే ఆకలెక్కువ. గడ్డకట్టే చలిలో, తిమింగలం అడుగే పెట్టని చీకట్లో, అది ఎక్కువ కాలం బతకదు. నవలలో దీనికొక ఉపాయం చేశారు. అగాధం అడుగున వేడినీటి బుగ్గలున్నాయి, అవి ఆ పొరంతా వెచ్చగా ఉంచుతాయి అని. బుగ్గలు నిజమే. కానీ ఆ వేడి కాస్త దూరం పోయేసరికి చల్లారిపోతుంది.

[తెర మీద: అరచేతిలో మెగలోడాన్ పన్ను. మరీ దగ్గరి షాట్.]

దాని గురించి మనకి ఇంత తెలిసిందీ పళ్ళ వల్లే. పెద్ద పన్ను 18 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మీ చేతిలో ఫోన్ దానిముందు పొట్టిదే. రెండంచులా రంపం కోతలు, ఒక్కటీ మొద్దుబారకుండా. మరి అస్థిపంజరం ఏది? సొర పుట్టు చేసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. పసుపేసి ఉడకబెట్టి, తోలు రుద్ది తీసి, కండ విడదీస్తుంటే చేతికి తగిలేది మెత్తటి నడుం కర్ర. అది మృదులాస్థి, గట్టి ఎముక కాదు. మట్టిలో పడితే ఎక్కువగా కరిగిపోతుంది. వెన్నుపూసల వరస దొరకడం చాలా అరుదు. బెల్జియంలో అలాంటిదొకటి దొరికింది. అందుకే పొడవు మీద ఇప్పటికీ తగువే. 15 మీటర్లనేవాళ్ళున్నారు, 2025లో 24 మీటర్ల దాకా అన్నవాళ్ళూ ఉన్నారు.

"బతికే ఉంది" అనే మాట వెనక కూడా పళ్ళే ఉన్నాయి. 1870లలో ఛాలెంజర్ అనే ఓడ పసిఫిక్ అడుగు నుంచి మెగలోడాన్ పళ్ళు పైకి లాగింది. వాటి మీద పేరుకున్న మాంగనీసు మందం కొలిచి, 1959లో ఒకాయన ఇవి పదకొండు వేల ఏళ్ళ నాటివే కావచ్చన్నాడు. ఆ మాంగనీసు అన్నిచోట్లా ఒకే వేగంతో పేరుకోదు కాబట్టి లెక్క నిలవలేదు. ఇప్పటి అంచనా ప్రకారం అది అంతరించి 36 లక్షల ఏళ్ళయింది. తిండి తగ్గడం, సముద్రాలు చల్లబడటం, పోటీకి తెల్లసొర రావడం కారణాలని అంటారు. ఇందులో ఏది ఎంతన్నది ఇంకా తేలలేదు.

[తెర మీద: క్రోనోసారస్ బొమ్మ.]

సీక్వెల్స్‌లో రచయిత ఇంకొన్ని జీవుల్ని దింపారు. వాటిలో క్రోనోసారస్ ఒకటి. ఇది సొర కాదు, సరీసృపం. ఆస్ట్రేలియాలో తవ్విన దీని అస్థిపంజరాన్ని హార్వర్డ్ మ్యూజియంలో నిలబెట్టారు. దొరకని చోటల్లా ప్లాస్టర్ పోసి పోసి 12.8 మీటర్లు చేశారు. వెన్నుపూసలు ఎక్కువైపోయాయి. తోటి శాస్త్రవేత్తలే దానికి "ప్లాస్టరోసారస్" అని పేరెట్టారు. క్రోనోసారస్‌కీ, డైనోసార్ల కాలంలోని మిగతా సముద్ర సరీసృపాలైన మోససార్లకీ, ఇక్తియోసార్లకీ ఉన్నది ఊపిరితిత్తులు, మొప్పలు కాదు. మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు లాగే గాలికోసం పైకి రావాల్సిందే. నిజంగా మిగిలుంటే మన బోటు వాళ్ళ కంట ఎప్పుడో పడేవి.

మనదేశంలో ఇలాంటి సముద్ర సరీసృపం దొరికిందా అంటే, ఆయ్, దొరికింది. కచ్‌లో, దాదాపు పూర్తి ఇక్తియోసార్. ఐదున్నర మీటర్లు, 15 కోట్ల ఏళ్ళ నాటిది. 2017లో ఆ పరిశోధన ప్రచురించిన బృందానికి ముందు నిలిచింది ఢిల్లీ యూనివర్సిటీకి చెందిన గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్.

మరి మన గోదావరి డెల్టాలో? కోనసీమ మట్టి తవ్వితే మెగలోడాన్ పన్ను దొరుకుతుందా? దొరకదు. ఈ పైపొర అంతా గడిచిన కొన్ని వేల ఏళ్ళలో గోదారి తెచ్చి పోసిన ఒండ్రు. భూమి వయసు లెక్కలో ఇది నిన్నటి మాట.

[తెర మీద: పంగిడి, గౌరీపట్నం నల్లరాయి క్వారీలు. కెమెరా రాతి గోడ మీద అడ్డంగా జరుగుతుంది.]

కానీ డెల్టా తల దగ్గరికి, కొవ్వూరు దాటి పంగిడి, గౌరీపట్నం వైపు వెళ్ళండి. అక్కడ క్వారీల్లో కొట్టే నల్లరాయి లావా. పడమటి కనుమల వైపు బద్దలైన అగ్నిపర్వతాల నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికొచ్చింది. లావా కింద ఒక పొర, పైన ఒక పొర. రెంటి మధ్య లేతరంగు సున్నపురాయి పట్టీ, అందులో ఆల్చిప్పలు. అంటే ఒక లావాకీ ఇంకో లావాకీ మధ్య ఇక్కడ సముద్రం ఆడింది. 19వ శతాబ్దంలోనే హిస్లాప్ అనే ఆయన ఈ ఆల్చిప్పల్లో ఒక జాతికి పంగిడి పేరే పెట్టాడు.

2008లో ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఆ పట్టీలో ఇసుకరేణువంత గుల్లల్ని వెతికింది. ఫొరామినిఫెరా అంటారు. దొరికినవి డైనోసార్లు పోయిన వెంటనే పుట్టుకొచ్చిన రకాలు. అంటే కింది లావా పారింది ఆ మహావినాశనం అంచులో. మోససార్లు సముద్రంలోంచి మాయమైంది కూడా అప్పుడే. చంపింది లావానా, మెక్సికోలో పడ్డ గ్రహశకలమా అన్న గొడవలో కెల్లర్ లావా పక్షం. ఎక్కువమంది గ్రహశకలం పక్షం. నా ఓటు కూడా అటే, కానీ గౌరీపట్నం రాయి లేకుండా ఆ వాదన నడవదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు క్వారీ వాళ్ళని అడిగి, బ్లాస్టింగ్ లేని టైమ్ చూసుకుని, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళండి. నల్లరాయి మధ్య లేతరంగు పట్టీ కనపడితే అక్కడ ఆగి వేలితో తడమండి. ఆల్చిప్పల అంచులు తగులుతాయి.