స్లాబుకు ముందే తేలాల్సిన వెలుగు లెక్క

అందరికీ నమస్కారం. ఈ సభలో ఇల్లు కట్టుకుంటున్నవారు, కట్టబోతున్నవారు ఎక్కువ మంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకే షాండ్లియర్ల జోలికి వెళ్లకుండా నేరుగా స్లాబు ముందురోజు దగ్గరికి వస్తాను.

సెంట్రింగు మీద ఇనుము కట్టడం అయిపోయింది. మర్నాడు పొద్దున్నే కాంక్రీటు. ఎలక్ట్రీషియన్ పైపులు, ఫ్యాన్ బాక్సులు పట్టుకుని పైకెక్కి "సార్, పాయింట్లు ఎక్కడెక్కడ?" అని అడుగుతాడు. ఇంటాయన కిందనుంచే "మధ్యలో ఫ్యాను, గోడకో ట్యూబులైటు, అందరిళ్లలో ఎలా ఉంటే అలాగే కానివ్వవయ్యా" అంటాడు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ల సాయంత్రాలు ఎలా గడవాలో ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. తర్వాత మనసు మారితే గోడకు గాడి కొట్టాలి, లేదంటే ఫాల్స్ సీలింగు వేయించాలి. మన ఫ్లాట్లలో చాలా ఫాల్స్ సీలింగులు ఆ రోజు వేయని పైపులను దాచడానికి పుట్టినవేనని నా అనుమానం.

సీలింగు వేయించాక ఊరుకోరు, వరుసగా డౌన్‌లైట్లు బిగిస్తారు. వాటిలో రెండు మూడు సరిగ్గా ఫ్యాను రెక్కల పైకి వస్తాయి. ఫ్యాను వేయగానే రెక్కల నీడ గదంతా రెపరెపలాడుతుంది. పేపరు చదవబోతే కళ్లు తిరుగుతాయి. చివరికి ఆ లైట్లు ఆర్పేసి, మూలనున్న పాత ట్యూబులైటు కిందే కూర్చుంటారు. విదేశీ పత్రికల్లోని అందమైన గదుల ఫొటోల్లో ఫ్యాను ఉండదు కాబట్టి ఈ బాధ వాటిలో కనిపించదు. మన గదిలో లైట్ల ప్లాను ఫ్యాను తిరిగే వలయంతోనే మొదలుకావాలి. మామూలు ఫ్యాను 48 అంగుళాలది, అంటే మధ్య నుంచి రెక్క కొసకు రెండడుగులు. లైటును ఆ కొస నుంచి ఇంకో అడుగున్నర అవతలికి జరపండి.

వంటగదికి వద్దాం. గట్టు గోడవైపు, లైటు గది మధ్యలో, వంట చేసే మనిషి రెండింటికీ నడుమ. ఉల్లిపాయలు తరిగే చోట తరిగేవారి నీడే పడుతుంది. గదిలో ఎంత పెద్ద లైటు పెట్టినా ఆ నీడ పోదు. పై అలమరాల అడుగున, ముందంచుకు దగ్గరగా ఒక స్ట్రిప్ లైటు పెడితే పోతుంది. దానికోసం అలమరా అడుగు వచ్చే ఎత్తులో గోడలోంచి వైరు బయటికి వదిలితే చాలు. టైల్స్ అతికించాక గుర్తొస్తే టైలు పగలాల్సిందే. అద్దం సంగతీ ఇంతే. పైనుంచి పడే లైటు కళ్ల కింద, గడ్డం కింద నీడలు వేస్తుంది. ముఖం ఎత్తులో రెండు పక్కలా పెట్టించండి.

ఇవన్నీ రాత్రి లెక్కలు. పగటి లెక్క ఇంకా ముందే, గోడలు లేవకముందే తేలాలి. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి కొద్దిగా పైన ఉంది. మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అంటే ఎండాకాలంలో దక్షిణం కిటికీకి రెండడుగుల సన్‌షేడు ఉంటే ఎండ ఆగుతుంది, వెలుగు మాత్రం లోపలికి వస్తుంది. పడమర అలా కాదు. సాయంత్రం సూర్యుడు సన్‌షేడు కిందినుంచే దూరతాడు. అక్కడ జాలీయో, వరండాయో, చెట్టో ఉండాలి. మండువా లోగిళ్లలో గదులన్నిటికీ నడిమి వాకిలి నుంచి వెలుగు అందేది. నూట యాభై గజాల స్థలంలో మండువా కుదరదు కానీ, మెట్ల పైన చిన్న స్కైలైటు కుదురుతుంది.

ఇక రంగు. పసుపు వెలుగంటే లో ఓల్టేజీ రోజులు గుర్తొచ్చే తరం మనది. అందుకే పడకగదిలో కూడా 6500 కెల్విన్ తెల్ల లైటు పెట్టుకుంటాం. వెలుగు ఎంతన్నది ల్యూమెన్లు చెబుతాయి, రంగు కెల్విన్లు చెబుతాయి: అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. రెండింటికీ సంబంధం లేదు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చినంత వెలుగు, అంటే సుమారు 800 ల్యూమెన్లు, ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది, ఏ రంగులోనైనా. హాల్లో, పడకగదిలో 2700 నుంచి 3000 కెల్విన్లు, వంటగదిలో 4000 పెట్టి చూడండి. పెట్టె మీద సీఆర్ఐ అంకె కూడా చూడాలి, ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పేది అదే. చీరను దుకాణం గుమ్మం బయటికి తెచ్చి రంగు చూసుకునే ఆడవాళ్లకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ అంకె 90 దాటిన లైటు కింద అరిటాకు పచ్చ, కుంకుమ ఎరుపు దాదాపు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి.

పెద్దవాళ్లున్న ఇంట్లో మంచం నుంచి బాత్రూం దాకా మోకాలి ఎత్తు లోపల చిన్న లైట్లు, మంచం పక్కన ఒక స్విచ్చి తప్పనిసరి. ఇది అలంకారం పద్దులో రాయకండి.

చివరగా ఒక పని మాట. స్ట్రిప్ లైట్లలో ఎల్ఈడీ కన్నా ముందు పోయేది సాధారణంగా డ్రైవరే, అంటే ఇంటి కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చి ఇచ్చే చిన్న పెట్టె. దాన్ని సీలింగు లోపల మూసేయకుండా, చెయ్యి పట్టేంత తలుపు వదలమని మేస్త్రీకి ముందే చెప్పండి.

ప్లాన్లు తెచ్చుకున్నవారు ముందుకు రండి. స్లాబు దగ్గరపడ్డవారివి ముందు చూద్దాం.