నేలను చదివిన చరిత్రకారుడు: రిచర్డ్ హోమ్స్ పని తీరు

సభకు నమస్కారం.

యుద్ధ చరిత్ర అనగానే చాలామందికి సేనాపతుల పేర్లు, తేదీలు, పటం మీద బాణం గుర్తులు గుర్తొస్తాయి. ఆ బాణం గుర్తు లోపల నడుస్తున్న మామూలు సిపాయిని బ్రిటన్ పాఠకులకు, ప్రేక్షకులకు దగ్గరగా చూపించినవారిలో రిచర్డ్ హోమ్స్ ముందుంటారు. 1946లో పుట్టి 2011లో కన్నుమూసిన ఆయన అధ్యాపకుడు, రచయిత, బీబీసీ వ్యాఖ్యాత, పైగా సైనికుడు. ఆయన గొప్పతనం అంతా పని చేసే పద్ధతిలో ఉంది కాబట్టి ఈ పూట దాని గురించే ఎక్కువగా మాట్లాడతాను.

ఉద్యోగ జీవితం క్లుప్తంగా చెప్పుకుందాం. 1964లో టెరిటోరియల్ ఆర్మీలో, అంటే అక్కడి పార్ట్‌టైమ్ సైన్యంలో, మామూలు సిపాయిగా చేరి బ్రిగేడియర్ దాకా ఎదిగారు. 1969 నుంచి శాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీలో పాఠాలు చెప్పారు. మరో పేరున్న యుద్ధ చరిత్రకారుడు జాన్ కీగన్ కూడా అప్పుడు అక్కడే బోధించేవారు. తర్వాత క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. ఈ క్రమంలో గమనించాల్సింది ఒకటుంది. ఆయన ముందు కూర్చున్న విద్యార్థులు రేపు ప్లటూన్లను, అంటే చిన్న సైనిక దళాలను, నడిపించబోయే కుర్రాళ్లు. "అక్కడ నేలమీద ఏం జరిగింది?" అని వాళ్లు అడిగితే గాల్లో మాటలతో జవాబు చెప్పలేరు.

ఇక ఆధారాల సంగతి. మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ సిపాయి మీద 2004లో ఆయన 'టామీ' రాశారు. అందులో ఒక నియమం పెట్టుకున్నారు: యుద్ధం జరుగుతున్నప్పుడు రాసిన ఉత్తరానికీ డైరీకీ మొదటి పీట, యాభై అరవై ఏళ్ల తర్వాత చెప్పిన జ్ఞాపకానికి ఆ తర్వాతి చోటు. వృద్ధ సైనికులు అబద్ధాలు చెబుతారని కాదు. మధ్యలో చదివిన నవలలు, చూసిన సినిమాలు, అడిగేవాడు ఏం వినాలనుకుంటున్నాడో కనిపెట్టడం, ఇవన్నీ జ్ఞాపకంలో కలిసిపోతాయి. నా దృష్టిలో ఆయన మనకిచ్చిన వాటిలో ఇదే అన్నిటికన్నా విలువైనది.

అలాగని అప్పటి కాగితాన్ని గుడ్డిగా నమ్మకూడదు. లండన్ శివారులో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 (డబ్ల్యూఓ అంటే వార్ ఆఫీస్, యుద్ధశాఖ) అనే పత్రాల వరుసలో ఆ యుద్ధపు దళాల డైరీలు ఉంటాయి. ఆర్మీ ఫారం సి.2118 మీద రాసేవారు: స్థలం, తేదీ, వేళ, సంఘటనల సారాంశం, చివర అనుబంధాల గడి. సాధారణంగా బెటాలియన్ అడ్జుటెంట్, అంటే దళాధిపతి కింద కాగితం పనులు చూసే అధికారి, రాసేవాడు. ఏమీ జరగని రోజున వాతావరణం గురించి నాలుగు లైన్లు ఉంటాయి. ఘోరమైన పోరు జరిగిన రోజున ఒక్కోసారి రెండే లైన్లు, ఎందుకంటే రాయాల్సినవాడు చనిపోయి ఉండొచ్చు, లేదా మూడు రోజుల తర్వాత ఇంకొకడు గుర్తుచేసుకుని రాసి ఉండొచ్చు. చనిపోయిన అధికారులకు పేర్లుంటాయి, సిపాయిలకు అంకె మాత్రమే. ఆ అంకె వెనక మనిషిని వెతుకుదామంటే వ్యక్తిగత సర్వీసు పత్రాల్లో సగానికి పైగా 1940 సెప్టెంబరు బాంబు దాడిలో కాలిపోయాయి. అంచులు మాడి మిగిలినవి డబ్ల్యూఓ 363లో ఉన్నాయి.

డైరీలో చోటు ఇలా ఉంటుంది: 57డి.ఆర్.25.సి.5.6. మొదటిది పటం సంఖ్య. 'ఆర్' ఒక పెద్ద చదరం. 25 అందులో వెయ్యి గజాల చదరం. 'సి' దాని నాలుగు భాగాల్లో ఒకటి, అయిదు వందల గజాలది. చివరి రెండు అంకెలు ఆ భాగాన్ని పదేసి వంతులుగా కొలుస్తాయి, ముందు తూర్పుకు, తర్వాత ఉత్తరానికి. ఒక్కో వంతు 50 గజాలు. కొత్తవాళ్లు ఈ రెండింటినీ తారుమారు చేసి, కందకానికి అవతలి గట్టున నిలబడి శత్రువు చోటును మనదనుకుంటారు.

నేల దగ్గరికి వద్దాం. 1996లో బీబీసీలో వచ్చిన 'వార్ వాక్స్' హోమ్స్‌ను ఇంటింటికీ పరిచయం చేసింది. అజిన్‌కోర్ట్, వాటర్‌లూ, మోన్స్, సోమ్ లాంటి పాత యుద్ధభూములకు వెళ్లి, నడుస్తూ, ఆ నేల చూపిస్తూ చెప్పారు. అరగంట కార్యక్రమం అంటే, ఇంగ్లీషులో నిమిషానికి 150 మాటల చొప్పున ఊపిరి తీయకుండా చదివినా 4,500 మాటలే. నిశ్శబ్దం, నడక, గాలి చప్పుడు తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ. అందుకే కెమెరా చూపించేదాన్ని నోటితో మళ్లీ చెప్పకూడదు. వాలు కనిపిస్తుంటే "ఇది వాలు" అనడం దండగ. ఆ వాలు వెనక ఎవరు దాక్కున్నారో చెప్పాలి.

నేల కూడా అబద్ధం చెబుతుంది. 1815లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ నెపోలియన్‌తో తలపడిన వాటర్‌లూలో, స్మారకంగా పోసిన సింహం దిబ్బ ఎక్కి చూసేవాళ్లు ఎక్కువ: 226 మెట్లు, దాదాపు 40 మీటర్ల ఎత్తు. ఆ దిబ్బ కోసం 1820ల్లో మట్టి తవ్వింది వెల్లింగ్టన్ సైన్యం నిలబడిన గట్టు మీది నుంచే. వెల్లింగ్టన్ తన బలగాన్ని ఫ్రెంచి ఫిరంగుల కంటపడకుండా దాచిన గట్టు అలా తగ్గిపోయింది. అసలు ఎత్తు తెలియాలంటే రోడ్డు పక్కన, ఆ పోరులో చనిపోయిన అధికారి గోర్డన్ స్మారకం కింద మిగిలిన మట్టి చూడాలి. రెండో సంగతి పైరు. 1815 జూన్ 18న అక్కడ రై అనే ధాన్యపు పైరు భుజాల ఎత్తున నిలబడి ఉంది. చలికాలంలో వెళ్లి దున్నిన మడి చూస్తే ఆ రోజు ఎవరికి ఏం కనిపించిందో అర్థం కాదు.

కాలాన్ని కాళ్లతో కొలవాలి. అప్పటి బ్రిటిష్ పదాతి మామూలు నడక నిమిషానికి 75 అంగలు, అంగకు 30 అంగుళాలు, అంటే నిమిషానికి 57 మీటర్లు. తుపాకీ బాగా తగిలే చివరి వంద మీటర్లు దాటడానికి ఒక నిమిషం ముప్పావు. ఎదుటివాడు ఆలోపు నాలుగైదు సార్లు కాల్చగలడు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కసారి ఆ వంద మీటర్లు ఆ వేగంతో నడవండి.

హోమ్స్ గుర్రపు స్వారీ బాగా తెలిసినవారు. 1914లో బ్రిటిష్ సైన్యం మోన్స్ నుంచి మార్న్ నది దాకా వెనక్కి తగ్గిన దాదాపు 200 మైళ్ల దారిని గుర్రం మీద తిరిగి, 1995లో పుస్తకం రాశారు. రాళ్లు పరిచిన బాట, నీళ్ల కోసం ఆగడం, నాడా ఊడటం, ఇవి దండు కదలికను ఎలా నిర్ణయిస్తాయో జీనులో కూర్చుంటేనే తెలుస్తుంది.

దగ్గరితనానికి ఒక మూల్యం ఉంది. ఇరాక్‌లో ఒక బెటాలియన్ 2004లో చేసిన పోరు మీద 'డస్టీ వారియర్స్' రాసినప్పుడు ఆయనే ఆ రెజిమెంట్‌కు గౌరవ కర్నల్. అంత లోపలి సమాచారం బయటివాడికి దొరకదు. కానీ తన రెజిమెంట్‌ను తానే తూచడం ఎంత మంచి చరిత్రకారుడికైనా కష్టం. ఆ పుస్తకాన్ని తీర్పుగా కాక సాక్ష్యంగా చదవాలని నా అభిప్రాయం.

2005 నాటి 'సాహిబ్' మన దేశంలోని బ్రిటిష్ సిపాయి కథ. తెల్ల సిపాయి ఉత్తరాలు దొరికినట్టు పక్కనే నిలబడిన నల్ల సిపాయి ఉత్తరాలు దొరకవు. ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అనేవారు, మొదటి దళాల్లో తెలుగు సీమవాళ్లు అంతమంది ఉన్నారు. పేరు మిగిలింది, మాట మిగల్లేదు. ఆ లోటు మనం పూడ్చుకోవాల్సింది.

ఉదాహరణకు, పిఠాపురం దగ్గరి చందుర్తి ఉంది. 1758 డిసెంబరులో ఈస్టిండియా కంపెనీ అధికారి కర్నల్ ఫోర్డ్ దళం అక్కడ ఫ్రెంచివాళ్లను ఓడించింది. ఆ కాలపు ఇంగ్లీషు వృత్తాంతం ప్రకారం, ఫోర్డ్ తెల్ల బెటాలియన్ ఎత్తైన చేను వెనక కనపడకుండా ఉంది. ఎర్ర కోట్లు వేసుకున్న బెంగాల్ సిపాయిలను చూసి వాళ్లే యూరోపియన్లనుకుని ఫ్రెంచివాళ్లు అటు దూసుకెళ్లారు. ఈ మాట నిలుస్తుందో లేదో చూడాలంటే డిసెంబరులోనే వెళ్లాలి. పటం మీది రైలు పట్టాలు, ఇప్పటి రోడ్లు ముందు చెరిపేయాలి. పైరు ఎత్తు కర్రతో కొలవాలి. ఆ ఎత్తును రెండు చూపులతో సరిచూడాలి: నేల మీద నిలబడ్డ సిపాయి కన్ను దాదాపు మీటరున్నర ఎత్తున ఉంటుంది, గుర్రం మీది అధికారి కన్ను రెండు మీటర్లకు పైన. చేను ఆ రెండింటి మధ్య ఎత్తులో ఉంటే, ఫ్రెంచి సిపాయికి కనపడని బెటాలియన్ వాళ్ల అధికారికి ఎందుకు కనపడలేదన్నది అక్కడ నిలబడి తేల్చాల్సిన ప్రశ్న.