డ్యూటీ దిగినా లొకేషన్ వెళ్తూనే ఉందా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ్టి ఫోన్-ఇన్‌లో ట్రాకింగ్ యాప్‌లు, వ్యక్తిగత గోప్యత గురించి మాట్లాడుకుంటున్నాం. డేటా భద్రత నిపుణురాలు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. నేను సేల్స్‌లో పనిచేస్తాను, రోజంతా ఫీల్డ్ మీదే. అటెండెన్స్ కోసమని ఆఫీసువాళ్లు నా సొంత ఫోన్‌లో ఒక యాప్ వేయించారు. మొన్న మా మేనేజర్ "ఆదివారం ఆస్పత్రికి వెళ్లినట్టున్నారు, అంతా బాగేనా?" అని అడిగారు. నేనెవరికీ చెప్పలేదండి. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

నిపుణురాలు: టెన్షన్ ఉండదా మరి! ఆయన మంచి మనసుతోనే అడిగి ఉండొచ్చు. కానీ సెలవు రోజు మీరెక్కడున్నారో ఆయనకు కనబడటమే తప్పు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ తెరిచి, లొకేషన్ పర్మిషన్ ఏముందో చూడండి.

కాలర్: ఒక్క నిమిషం... "అన్ని సమయాల్లో" అని ఉందండి.

నిపుణురాలు: అదే సంగతి. దాన్ని "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని మార్చుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఈ వీలు 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఉంది. ఐఫోన్‌లో అంతకుముందే ఉంది. అయితే మార్చేముందు ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టండి. చెప్పకుండా మారిస్తే అటెండెన్స్ పడలేదని నెపం మీ మీదకే వస్తుంది.

కాలర్: వాళ్లు ఒప్పుకోకపోతే?

నిపుణురాలు: డ్యూటీకి వేరే ఫోన్ ఇమ్మనండి. ఆండ్రాయిడ్ అయితే వర్క్ ప్రొఫైల్ పెట్టించమనండి. ఆఫీసు యాప్‌లు చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తుతో విడిగా ఉంటాయి. డ్యూటీ దిగగానే ఆ ప్రొఫైల్‌ని పాజ్ చేస్తే అవి ఆగిపోతాయి. మీ ఫొటోలు, మెసేజ్‌లు అటువైపు కనబడవు.

కాలర్: పేర్లు తీసేసే డేటా దాస్తాం, భయపడొద్దు అంటున్నారండి.

నిపుణురాలు: ఆ మాట మాత్రం నమ్మకండి. 2013లో కొందరు పరిశోధకులు పేర్లు తీసేసిన 15 లక్షల మంది మొబైల్ రికార్డులు తీసుకున్నారు. మొత్తం 15 నెలలవి. ఒక మనిషి ఏ గంటలో ఏ టవర్ పరిధిలో ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మంది రికార్డు మిగతావాళ్లతో కలవకుండా విడిగా తేలిపోయింది. రాత్రిళ్లు ఫోన్ ఎక్కడుంటే అదే మీ ఇల్లు. ఇక పేరుతో పనేముంది చెప్పండి? కాబట్టి మెయిల్‌లో మూడు సంగతులు అడగండి: ఏ వేళల్లో తీసుకుంటున్నారు, ఎవరెవరు చూస్తున్నారు, ఎన్నాళ్లకు చెరిపేస్తారు. జవాబు కూడా రాతపూర్వకంగానే ఇమ్మనండి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్ ఉంది. చెప్పండి.

రెండో కాలర్: నాది డెలివరీ వ్యాపారమండి. బళ్లకు జీపీఎస్ పెట్టించాను. అది కూడా తప్పేనా?

నిపుణురాలు: తప్పేం కాదు. సరుకు ఎక్కడుందో కస్టమర్‌కి చెప్పాలిగా. డ్రైవర్లకు ఆ సంగతి తెలుసా?

రెండో కాలర్: తెలుసండి. కొందరు రాత్రి బండి ఇంటికే తీసుకెళ్తారు.

నిపుణురాలు: అయితే డ్యూటీ వేళ దాటాక రికార్డు ఆగేలా పెట్టించండి. బండి పోతుందని భయముంటే, పోయినప్పుడు మాత్రమే లొకేషన్ చూసే ఏర్పాటు ఉందేమో కనుక్కోండి. పాత రూట్లు ఏం చేస్తున్నారు?

రెండో కాలర్: అన్నీ అలాగే ఉంటాయండి.

నిపుణురాలు: బిల్లుల లెక్క తేలాక వాటితో మీకు పనుండదు, తీయించేయండి. మీ కంప్యూటర్‌లో తీసేస్తే చాలదు, జీపీఎస్ సర్వీసువాళ్ల సర్వర్‌లోనూ పోవాలి. అది వాళ్లనే అడగాలి.

రెండో కాలర్: రేపే అడుగుతానండి.