పుట్టీ పూస్తే పగులు పోదు

అందరికీ నమస్కారం. ఈ సభ పెట్టిన వారికి, పాత కార్లను జాగ్రత్తగా ఇక్కడిదాకా తెచ్చిన యజమానులకు కృతజ్ఞతలు. నన్ను ఫైబర్‌గ్లాస్ కార్ల చరిత్ర చెప్పమన్నారు. రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1953లో షెవర్లే కార్వెట్ ఫైబర్‌గ్లాస్ బాడీతో వచ్చింది. ఆ ఏడాది తయారైనవి 300 మాత్రమే. 1957లో జనం ముందుకొచ్చిన లోటస్ ఎలీట్‌కైతే విడిగా ఛాసీయే లేదు, ఫైబర్‌గ్లాస్ బాడీయే మొత్తం బరువు మోసింది. చరిత్ర ఇంతటితో ఆపేస్తాను. పొద్దున బయట నిలిపిన కార్లు చూశాక అసలు మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

వాటిలో కొన్నింటికి కొత్త పెయింటు ఉంది. పెయింటు కింద పుట్టీ ఉంది. పుట్టీ కింద పగులు అలాగే ఉంది.

నా కారు ముందు ఫెండర్ మీద, హెడ్‌లైట్ పక్కన, సాలెగూడులా సన్నటి పగుళ్లు వచ్చాయి. ఒక వర్క్‌షాపులో ఇస్తే తళతళలాడించి తిరిగిచ్చారు. కొన్ని నెలలకే అవే పగుళ్లు, అదే చోట. మళ్లీ ఇచ్చాను, మళ్లీ పూశారు. ఫెండర్ ఊడదీసి చూడమంటే "పగిలింది పైన కదండీ, ఊడదీయడం ఎందుకు?" అన్నారు. చివరికి నేనే ఊడదీశాను. బోల్టు దగ్గర రబ్బరు ఎండి రాయిలా ఉంది... కాదు, రబ్బరన్న పేరే గానీ మెత్తదనమే లేదు. వెడల్పు వాషర్ లేదు. బోల్టును ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించారు. ఛాసీ కదిలినప్పుడల్లా ఆ లాగుడంతా ఆ ఒక్క చోటే పడుతోంది. పగులుకి కారణం అదీ. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. పూసిన ప్రతిసారీ గ్రైండర్ పెట్టి ఫ్యాక్టరీలో వేసిన పొరను కొంత అరగదీశారు. అది తిరిగిరాదు.

ఫైబర్‌గ్లాస్‌కి బలం గాజు పోగుల వల్ల వస్తుంది. పగిలిన చోట ఆ పోగులు తెగుతాయి. పుట్టీలో పోగులు లేవు, అందుకే నిలవదు.

ముందు పెయింటు తీయండి. పెయింట్ రిమూవర్ వద్దు, చాలా రకాలు గాజు పోగుల్ని పట్టి ఉంచే గట్టిపడిన జిగురును, అంటే రెసిన్‌నీ మెత్తబరుస్తాయి. ఎమరీ పేపర్‌తో ఓపిగ్గా రుద్దండి. పగులు పైనున్న నున్నటి రెసిన్ పొర, జెల్‌కోట్ వరకేనా, లోపల గాజు పోగుల పరుపు, మ్యాట్ దాకా దిగిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. లోపలికి దిగితే పగులు చివర చిన్న రంధ్రం వేసి, పని వెనకవైపు నుంచి మొదలుపెట్టండి. లోతుకు పది, పన్నెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. పాత రెసిన్ ఎప్పుడో గట్టిపడింది, కొత్తది అందులో కలిసిపోదు. గరుకును పట్టుకునే నిలబడుతుంది.

ఒక్క నిమిషం. ముందు వరసలో ఉన్న కుర్రాళ్లూ, ఇది మీకే. పాలియెస్టర్ రెసిన్ గట్టిపడడానికి అందులో కలిపే హార్డెనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోకుండా సీసా మూత తీయకండి. గట్టిపడడాన్ని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్ విడిగా కొంటే దాన్ని హార్డెనర్‌తో నేరుగా ఎప్పుడూ కలపకండి, పేలుతుంది. గ్రైండ్ చేసేటప్పుడు మంచి మాస్క్ ఉండాలి. దయచేసి వినండి.

ఎక్కడున్నాం? హార్డెనర్. మామూలుగా ఒకటి, రెండు శాతం చాలు. తొందరపడి ఎక్కువ పోస్తే వేడెక్కి పెళుసుబారుతుంది. అసిటోన్‌తో తుడిచి, మ్యాట్ పొరలు వేస్తూ, ప్రతి పొరకూ రోలర్‌తో గాలి బుడగలు తీసేయండి. పాలియెస్టర్ బదులు ఎపాక్సీ రెసిన్ వాడితే పట్టు ఇంకా బాగుంటుంది, కానీ దానికి నేసిన గ్లాస్ క్లాత్ తీసుకోండి. మామూలు మ్యాట్‌లో పోగుల్ని అంటించి ఉంచే జిగురు పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవానికి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. పెయింటుకి మాత్రం కొన్ని వారాలు ఆగండి. రెసిన్ ఇంకా కుంచించుకుంటూనే ఉంటుంది, తొందరపడితే మ్యాట్ అచ్చు పెయింటులో పైకి తేలుతుంది.

బిగించేటప్పుడు కొత్త రబ్బర్లు, వెడల్పు వాషర్లు వేయండి. ఇది మానేస్తే పైన చెప్పిందంతా వృథా.

వర్క్‌షాపుల వాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. అయ్యా, ప్యానెల్ ఊడదీసి మళ్లీ బిగించే కూలీని బిల్లులో విడిగా రాయండి, మొహమాటం వద్దు. యజమానులారా, ఆ కూలీ దగ్గర మాత్రం బేరమాడకండి. ఊడదీసిన రోజు మీరే వెళ్లి వెనకవైపు చూడండి.